హ్యాండిల్ దెబ్బ నుంచి బ్యాటరీ దాకా: ఆ పొద్దున జీపు ఎందుకు స్టార్ట్ కాలె?



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక దొరికినప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి. మేం ఇటిక్యాల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న పిల్లలం. మాలో ఎక్కువమందిమి మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. వనపర్తి దిక్కు తండాల నుంచి వచ్చినోళ్లం ఉన్నం, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చినోళ్లం ఉన్నం, అమ్రాబాద్ అడవి నుంచి వచ్చిన చెంచు తమ్ముడు ఒకడున్నడు. ఈ గ్రూపులో ఇంతకుముందు అన్నలు కొమురం భీం గురించి, తండాల గురించి, భూముల గురించి చరిత్ర రాసిండ్రు. మేం రాసేది బండి స్టార్టింగు చరిత్ర. ఇదేం చరిత్ర అని నవ్వకండి. ఒక మనిషి మీద పడ్డ నింద తీసెయ్యాలంటే మాకు ఈ చరిత్ర కావాల్సి వచ్చింది.

ఆ పొద్దున జరిగింది

పోయిన డిసెంబర్‌ల సెమిస్టర్ పరీక్షలు. సెంటర్లు గద్వాలలో పడ్డయి. పరీక్ష 9 గంటలకు. అరగంట దాటితే లోపలికి రానియ్యరు. ఆ టైముకు బస్సు కుదరదని మేం నలుగురం పైసలు కలిపి ఒక జీపు మాట్లాడుకున్నం. డ్రైవర్ మామ ముందురోజు రాత్రే వచ్చి హాస్టల్ ముందర జీపు ఆపి, అందులోనే పండుకున్నడు. మంచి మనిషి.

పొద్దున 7 గంటలకు బయలుదేరాలె. ఫోన్‌ల చూస్తే 13 డిగ్రీలు. మా హాస్టల్‌ల వంట చేసే అక్క మాకోసం 4 గంటలకే లేచి ఉప్మా చేసింది. మేం తినకుండ పోతున్నమని డబ్బాలల్ల పెట్టుకొని జీపు దగ్గరికే తెచ్చింది. మామ తాళం తిప్పిండు. ఇంజిన్ "గర్ర్... గర్ర్..." అని ముసలోడు దగ్గినట్టు రెండుసార్లు మెల్లగ తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే అది గూడ లేదు, "టిక్ టిక్ టిక్" అని చప్పుడు తప్ప.

అక్కడ చలి కాగుతున్న ఒక పెద్దమనిషి అన్నడు: "భర్త లేని ఆడది ఎదురొచ్చింది. ఇంకేం కదుల్తది బండి?"

అక్క చేతిల డబ్బాలు అట్లనే ఉన్నయి. ఏం మాట్లాడలె. డబ్బాలు బానెట్ మీద పెట్టి తలొంచుకొని లోపలికి పోయింది. మామ ఏమీ అనలె. మేం నలుగురం కూడా ఏమీ అనలె. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గయితుంది, కానీ అదే నిజం. ఆ సమయంల మాకు పరీక్ష తప్ప ఇంకోటి కనిపించలె. లోపల ఎక్కడో మేం గూడ ఆ మాట నమ్మినమేమో.

నెట్టినం. డీజిల్ బండి, చల్లటి ఇంజిన్, కింద మెత్తటి మట్టి. అందుకోలె. చివరికి ఒక ట్రాక్టర్‌ను బతిమాలి, తాడు కట్టి లాగిస్తే 8 దాటినంక స్టార్ట్ అయింది. దారిలో మా క్లాస్ అమ్మాయి ఒకామె రోడ్డు మీద నిలబడి ఎదురుచూస్తుంది, ఆమెను ఎక్కించుకున్నం. మేం 9:20కి మా సెంటర్ల పడ్డం. ఆమె సెంటరు ఊరికి అవతలి దిక్కు. ఆమె పోయేసరికి 9:40. గేటు వేసేసిండ్రు.

ఆమె ఇంట్ల కూడా ఆమెనే మొదట కాలేజీకి వచ్చింది. వాళ్ల బాపు ఫోన్‌ల ఒకటే మాట అన్నడట: "మన రాతల చదువు లేదు బిడ్డా."

ఒక బండి స్టార్ట్ కాకపోతే ఇద్దరు ఆడోళ్ల మీద రెండు తీర్పులు పడ్డయి. ఒకామె అపశకునం, ఇంకొకామెకు రాత లేదు. బండిని మాత్రం ఎవరూ ఏమీ అడగలె. అందుకే మేం అడిగినం.

బండి కంటే ముందు మనవాళ్లు

మేం దీని గురించి మొదట అడిగింది మాలో ఒకడి దాదాను, అంటే తాతను. ఆయన తన తాతల ముచ్చటతో మొదలుపెట్టిండు. లంబాడోళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశమంతా తిరిగిన కాలం. దాన్నే లదేణి అంటరు. 17వ శతాబ్దంల మన దేశం తిరిగిన ఫ్రాన్స్ వ్యాపారి తావెర్నియే, 10 వేలు, 12 వేల ఎద్దులు ఒకే గుంపుగా ధాన్యం, ఉప్పు మోసుకొని పోవడం చూసి రాసుకున్నడు. మొఘలుల సైన్యాలకు, దక్కన్ సైన్యాలకు తిండి చేరవేసింది ఈ ఎద్దులే. ఎద్దుకు తాళం లేదు, బ్యాటరీ లేదు. చలిల గూడ లేపితే లేచేది.

తర్వాత రైళ్లు వచ్చినయి. నిజాం రాజ్యంల వాడి నుంచి సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. రోడ్లు పడ్డయి, మోటార్లు వచ్చినయి. లదేణి ఆగిపోయింది. పని పోయినోళ్లను ఇంగ్లీషోళ్లు 1871 చట్టంతో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన కాలం కూడా అదే. సరుకు మోసే పని ఎద్దు నుంచి లారీకి మారింది. మన మనిషి ఎద్దు పక్కన నడిచినోడు, కొన్ని తరాలకు లారీ ఎక్కిండు. డ్రైవర్ సీటు మీద కాదు, పక్కన క్లీనర్‌గా. దాదా 1960ల హైదరాబాద్-కర్నూలు రోడ్డు మీద ఒక పాత పెట్రోల్ లారీకి క్లీనరు. క్లీనర్ మొదటి పని ఏందో తెలుసా? పొద్దుగాల లేచి హ్యాండిల్ కొట్టడం.

హ్యాండిల్ అంటే ఏంది

మనలో చాలామంది చూసి ఉండరు. "Z" ఆకారంలో వంగిన ఇనుప రాడ్డు. బండి ముందర బంపర్ దగ్గర ఒక బొక్క ఉంటది. అందులో దూర్చి, ఇంజిన్ షాఫ్టుకు తగిలించి, బలం కొద్దీ తిప్పాలె. ఇంజిన్ ఎందుకు తిప్పాలంటే, అది తనంతట తాను మొదలు కాలేదు. ముందు ఎవరో తిప్పితే పిస్టన్ కిందికి దిగి గాలి, పెట్రోలు లోపలికి గుంజుకుంటది, పైకి లేచి వాటిని నొక్కుతది, అప్పుడు నిప్పురవ్వ పడితే పేలుతది. ఒక్కసారి పేలిందంటే ఆ బలంతోనే తర్వాతది నడుస్తది. ఆ మొదటి తిప్పుడు ఎవరు తిప్పాలె? ఈ చరిత్ర మొత్తం ఆ ఒక్క ప్రశ్నదే.

దాదా తన కుడి మణికట్టు చూపించిండు. వంకరగా అతుక్కుంది. చలికాలం పొద్దున హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజిన్ ఎదురు తన్నింది. నిప్పురవ్వ పడాల్సిన టైము కంటే ముందే పడితే పిస్టన్ పైకి రాకముందే పేలుతది, షాఫ్టు వెనక్కి తిరుగుతది, దానితో పాటు చేతిల ఉన్న రాడ్డు కూడా. ఆ దెబ్బ కాపాయానికి మూడు నెలలు పని లేదు, జీతం లేదు. తర్వాత ఒక ముసలి డ్రైవర్ నేర్పిండట: బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పొద్దు, మిగతా వేళ్ల దిక్కే పెట్టుకోవాలె. కిందికి నొక్కొద్దు, ఎప్పుడూ పైకే గుంజాలె. అప్పుడు ఎదురు తన్నినా చెయ్యి జారిపోతది, విరగదు.

చలికాలం ఇంకా కష్టం. ఇంజిన్ ఆయిల్ చల్లబడితే చిక్కబడతది. మన ఇండ్లల్ల నెయ్యి గడ్డకట్టినట్టు అంత కాదు గానీ, తిప్పేటోడి చేతికి తెలుస్తది. దాదావాళ్లు పొద్దున నీళ్లు కాగబెట్టి రేడియేటర్‌ల పోసి, ఇంజిన్ కొంచెం వెచ్చబడ్డంక హ్యాండిల్ కొట్టేటోళ్లట.

ఈ కష్టం మన దాదా ఒక్కడిదే కాదు. రాజుల కారుకు కూడా ఉండె. ఆరో నిజాం కోసం 1911లో పురమాయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్, సింహాసనం లాంటి సీటున్న కారు, ఇప్పటికీ పేరున్నది. ఆ సిల్వర్ గోస్ట్ మోడల్‌కు కరెంటు స్టార్టర్ వచ్చింది 1919లో. అంటే లోపల ఎంత వెండి, బంగారం ఉన్నా, బయట ఒక పనోడు వంగి హ్యాండిల్ తిప్పితేనే బండి కదిలేది. లోపల కూసున్నోడి పేరు చరిత్రల ఉంది. తిప్పినోడి పేరు లేదు.

ఒక చావు, ఒక చిన్న మోటారు

అమెరికాలో బైరన్ కార్టర్ అని ఒకాయన కార్లు తయారుచేసేటోడు. 1908లో చనిపోయిండు. ఒక ఆడమనిషి బండి రోడ్డు మీద ఆగిపోతే సాయం చేద్దామని హ్యాండిల్ తిప్పితే అది ఎదురు తన్ని దవడ పగిలిందనీ, ఆ దెబ్బ ముదిరి పోయిండనీ చెప్పుకుంటరు. ఆయన స్నేహితుడు హెన్రీ లేలాండ్ కాడిలాక్ కంపెనీ పెద్ద. ఇక మనుషుల చేతులు విరిచే హ్యాండిల్ వద్దు అనుకున్నడట. ఆ పని చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీర్ చేతికి వచ్చింది. కెటరింగ్ ఒహాయో రాష్ట్రంల రైతు బిడ్డ.

అప్పటిదాకా అందరూ అనుకున్నది ఏందంటే, ఇంజిన్‌ను తిప్పేంత బలమున్న కరెంటు మోటారు పెట్టాలంటే అది ఇంజినంత పెద్దగ ఉండాలె, బ్యాటరీ బండి నిండ ఉండాలె అని. కెటరింగ్ అంతకుముందు దుకాణాలల్ల పైసలు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్‌కు కరెంటు మోటారు పెట్టిండు. ఆ డబ్బా సొరుగు తెరవాలంటే మోటారు ఒక్క క్షణమే బలంగా కొట్టాలె, తర్వాత పని లేదు. చిన్న మోటారు మీద చాలా బరువు వేసినా, కొద్ది సెకన్లే అయితే అది కాలిపోదు అని ఆయనకు అక్కడ తెలిసింది. బండికి కూడా అంతే గదా. ఇంజిన్ అందుకునేదాకా కొన్ని సెకన్లు తిప్పితే చాలు. 1911లో ఆయన స్టార్టర్ తయారైంది, 1912 కాడిలాక్ కార్లకు పెట్టి అమ్మిండ్రు. ఫోర్డ్ వాళ్ల మోడల్ టీ కారుకు 1919లో వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. స్టార్టర్ రాకముందు అమెరికాలో ఆడోళ్లు ఎక్కువగా బ్యాటరీతో నడిచే కార్లు వాడేటోళ్లు, వాటికి హ్యాండిల్ అక్కర్లేదు గనుక. పెట్రోల్ కార్లు చేసిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ నడిపింది కూడా కరెంటు కారే. స్టార్టర్ వచ్చినంక పెట్రోల్ బండి ఎవరైనా నడపొచ్చు అయింది, బలం ఉన్న మగోడు ముందర నిలబడాల్సిన పని లేకుండ పోయింది. పాత కరెంటు కార్లు పోవడానికి ఇది కూడా ఒక కారణం.

మన దగ్గర అంత తొందరగా మారలె. 1932లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో బస్సులు మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి అదే మూలం. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించుడు మొదలుపెట్టిండ్రు. ఆ జీపులకు, తర్వాత వచ్చిన అంబాసిడర్ కార్లకు స్టార్టర్ ఉన్నా, ముందర హ్యాండిల్ బొక్క కూడా ఉండేది. బ్యాటరీ మీద నమ్మకం లేని కాలం అది. సీటు కింద హ్యాండిల్ పెట్టుకొని తిరిగేటోళ్లు. నెమ్మదిగా హ్యాండిల్ పోయింది. దాంతోపాటు బ్యాటరీ చచ్చిపోతే ఒక్కడే బండిని లేపే దారి కూడా పోయింది. ఇప్పుడు మిగిలింది నెట్టుడే.

డబ్బాలో ఉన్నది ఏంది

కెటరింగ్ మోటారుకు బలం ఇచ్చింది సీసం బ్యాటరీ. దాన్ని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిండు. రెండు సీసం రేకులు, మధ్యలో పలచటి గంధకామ్లం. కరెంటు ఎక్కించొచ్చు, వాడుకోవచ్చు, మళ్లీ ఎక్కించొచ్చు. 1881లో కామిల్ ఫోర్ సీసం ముద్దను పలకలకు పూసే పద్ధతి తెచ్చిండు, అప్పటి నుంచి ఫ్యాక్టరీలల్ల ఎక్కువగా తయారుచేసుడు కుదిరింది. ఇన్నేండ్లయినా బండి స్టార్ట్ చేసే బ్యాటరీ లోపల మూలం అదే. 12 వోల్టుల బ్యాటరీ అంటే లోపల 6 గదులు, ఒక్కో గదిల 2 వోల్టుల కంటే కొంచెం ఎక్కువ. ఇంతకుముందు 6 వోల్టులవే ఉండె, ఇంజిన్లు పెద్దగయిన కొద్దీ 1950లల్ల 12కు మారినయి.

ఇప్పుడు చలి సంగతి. బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్యతో. చలిల ఆ చర్య మెల్లగయితది. అటు ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావాలె. అంటే ఇచ్చేటోడి బలం తగ్గే టైముకే అడిగేటోడి అవసరం పెరుగుతది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ చెప్పే లెక్క ప్రకారం 0 డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం దాదాపు 35 శాతం, మైనస్ 18 దగ్గర దాదాపు 60 శాతం తగ్గుతది. అందుకే చలి దేశాలల్ల బ్యాటరీ మీద సీసీఏ అని ఒక నంబరు రాస్తరు. మైనస్ 18 డిగ్రీలల్ల 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2 కంటే కిందికి పోకుండ ఎన్ని ఆంపియర్లు ఇయ్యగలదో ఆ నంబరు చెప్తది. కెనడాలో చలి ఎక్కువున్న ఊర్లల్ల అయితే రాత్రి ఇంజిన్‌కే కరెంటు వైరు పెట్టి వేడి చేస్తరు. మన తెలుగు పిల్లలు అక్కడికి చదువుకోను పోతే మొదటి చలికాలం నేర్చుకునే పాఠాలల్ల ఇదొకటి.

అంత దూరం ఎందుకు? మన ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోయే 44వ నంబరు రోడ్డు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా. పాత పేరు 7వ నంబరు రోడ్డు. అదే రోడ్డు మీద పైకి పోతే నీళ్లు గడ్డకట్టే చలి. ఇటు మన రాష్ట్రంల ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్‌(యు)ల ఐదారు డిగ్రీలకు పడ్డ రోజులున్నయి. అల్లూరి జిల్లా లంబసింగిల సున్నా దగ్గరికి కూడా పోతది. రెండూ ఆదివాసీ ప్రాంతాలే. కొండల మీద జీపే దిక్కు. అక్కడి డ్రైవర్లు రాత్రి బండిని ఏటవాలుల ఆపుతరు, పొద్దున బ్రేకు వదిలితే దానంతట అది దొర్లి స్టార్ట్ కావాలని. మా చెంచు తమ్ముడు చెప్పిండు, మన్ననూర్ దాటి లోపలి పెంటలకు వచ్చే జీపులు గూడ అంతేనంట.

డీజిల్ బండికి ఇంకో చిక్కు. అందులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగ నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలె. ఇంజిన్ మెల్లగ తిరిగితే గాలి పూర్తిగ నొక్కుకోదు, పుట్టిన కొంచెం వేడిని చల్లటి ఇనుము గుంజుకుంటది. అందుకే బ్యాటరీ కొంచెం బలహీనపడితే పెట్రోల్ బండి ఎట్లనో అందుకుంటది, డీజిల్ బండి మొండికేస్తది. మా జీపు "గర్ర్ గర్ర్" అని తిరిగింది గానీ అందుకోకపోవడానికి కారణం ఇదే.

మరి 13 డిగ్రీలకేనా?

ఇక్కడ మాకు అనుమానం వచ్చింది. 13 డిగ్రీలు పెద్ద చలి కాదు. మంచి బ్యాటరీకి ఆ చలి లెక్కే కాదు. మరి మా జీపు ఎందుకు ఆగింది?

పరీక్షలు అయినంక మేం డ్రైవర్ మామతో కలిసి రోడ్డు మీది ఒక బ్యాటరీ మెకానిక్ దగ్గరికి పోయినం. ఆయన మీటర్ పెట్టిండు. రాత్రంత ఆపి ఉంచిన మంచి బ్యాటరీ 12.6 చూపించాలె. 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 అంటే పావు వంతు. మాది 12.1. తర్వాత తాళం తిప్పమన్నడు. తిప్పేటప్పుడు వోల్టేజి కొంచెం పడుతది, కానీ 9.6 కంటే కిందికి పడితే పని అయిపోయినట్టే. మాది 8కి పడింది. టెర్మినళ్ల మీద తెల్లగ, పచ్చగ పొడి కట్టింది. బ్యాటరీ కొని నాలుగు ఎండకాలాలు దాటింది.

ఆయన అన్న మాట మేం నోటుబుక్కుల రాసుకున్నం: "ఇది ఇయ్యాల సచ్చింది కాదు. మొన్న ఎండకాలమే సచ్చింది. మీకు చలికాలం తెలిసింది, అంతే."

తర్వాత చదివి తెలుసుకున్నం, ఆయన చెప్పింది నిజమే. బ్యాటరీకి చలి కంటే వేడి పెద్ద శత్రువు. సగటు వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమయితదని ఒక అంచనా లెక్క ఉంది. మన గద్వాల దిక్కు ఎండకాలం 40 దాటుతది, బానెట్ లోపల ఇంకా ఎక్కువ. లోపలి నీళ్లు ఆవిరైతయి, పలకలు తినుకపోతయి. కానీ ఎండకాలం ఆయిల్ పలచగ ఉంటది, ఇంజిన్ సులువుగ తిరుగుతది కాబట్టి సగం సచ్చిన బ్యాటరీ గూడ పని నడిపిస్తది. చలికాలం పొద్దున అసలు బలం అడిగితే అప్పుడు బయటపడతది. దానికి తోడు మా మామ జీపు చిన్న చిన్న దూరాలే తిరుగుతది. స్టార్ట్ చేసేటప్పుడు వాడిన కరెంటు మళ్లీ నిండేలోపే ఆపుతడు. ముందురోజు రాత్రి జీపుల పండుకొని చాలాసేపు లైటు వేసుకొని పాటలు విన్ననని ఆయనే ఒప్పుకున్నడు.

అంటే ఆ పొద్దున జీపు ఆగడానికి కారణాలు: నాలుగు ఎండకాలాలు, తుడవని టెర్మినళ్లు, చిన్న దూరాల తిరుగుడు, ఒక రాత్రి పాటలు, 13 డిగ్రీల చలి. ఉప్మా డబ్బాలు తెచ్చిన అక్క ఈ లిస్టుల ఎక్కడా లేదు. మా క్లాస్ అమ్మాయి రాత కూడా లేదు.

మనం తెలుసుకోవాల్సినవి

ఈ గ్రూపుల ఎంతోమంది అన్నలు ఆటో, జీపు, ట్రాక్టర్ నడుపుతరు. అందుకే కొన్ని మాటలు.

మీటర్ కొన్ని వందలకే దొరుకుతది. దసరా దాటంగనే ఒకసారి పెట్టి చూడండి. మూతలున్న బ్యాటరీ అయితే బ్యాటరీ వాటరే పొయ్యాలె, బోరు నీళ్లు పొయ్యొద్దు. పొడి కట్టిన టెర్మినల్ వేడినీళ్లు, వంటసోడాతో కడగాలె, ముందు మైనస్ వైరు విప్పాలె. స్టార్టర్ ఒకేసారి పది సెకన్లకు మించి తిప్పొద్దు, కొంచెం ఆగి మళ్లీ తిప్పాలె. ఇంకో బండి నుంచి వైరు పెట్టేటప్పుడు ఎరుపుకు ఎరుపు, ఆఖరి నలుపు క్లిప్పు మాత్రం ఆగిన బండి బ్యాటరీకి కాకుండ దూరంగ ఇంజిన్ ఇనుముకు పెట్టాలె. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తది, నిప్పురవ్వ పడితే పేలుతది. బీడీ దగ్గరికి తేవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. పాత బ్యాటరీ ఇంట్ల పగలగొట్టొద్దు, ఆ సీసం వలకు గుండ్ల కోసం కరిగించొద్దు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తది. ప్రపంచంల ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంల సీసం ఎక్కువ ఉందని 2020లో యునిసెఫ్ రిపోర్టు చెప్పింది. పాత బ్యాటరీ వెనక్కి తీసుకోవాలని మన దేశంల 2001 నుంచే రూల్స్ ఉన్నయి, 2022లో కొత్తవి వచ్చినయి. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలనే ఇచ్చెయ్యండి, దానికి పైసలు కూడా తగ్గిస్తరు.

ఇంకోటి గమనించండి. తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా కంపెనీ ఇప్పుడు మన పక్క మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ కడుతున్నది. 2023 మేలో పునాదిరాయి పడ్డది. వందేండ్ల కింద స్టార్టర్ వచ్చి పక్కకు నెట్టిన కరెంటు బండి మళ్లీ తిరిగి వస్తున్నది, అదీ మన పాలమూరు గడ్డ మీదికి. లదేణి పోయినప్పుడు మనవాళ్లకు ముందే చెప్పినోడు లేడు. రైలు వచ్చింది, ఎద్దులు ఆగినయి, అంతే. ఈసారి మారేది మన కండ్ల ముందరనే ఉంది. ఐటీఐ, పాలిటెక్నిక్, కెమిస్ట్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇప్పుడే దాని దిక్కు చూడాలె. మళ్లీ క్లీనర్ సీటు దగ్గరే మొదలుపెట్టాల్సిన పని లేదు.

చివరి మాట

మెకానిక్ దగ్గరి నుంచి వచ్చినంక మేం నలుగురం వంటింట్లకు పోయినం. అక్క బియ్యం ఏరుతుంది. 12.1, 8, నాలుగు ఎండకాలాలు, అన్నీ చెప్పినం. ఆ రోజు మేం నోరు తెరవనందుకు మాఫ్ చెయ్యమన్నం.

అక్క తల ఎత్తకుండనే అన్నది: "నాకు ముందే ఎరుక బిడ్డా. గా జీపు దీపావళి తెల్లారి గూడ గట్లనే మొండికేసింది. ఆ రోజు నేను మా తల్లిగారింటికి పోయిన. ఊళ్లనే లేను. మరి ఆ రోజు ఎవరు ఎదురొచ్చిండ్రు?"

మేం మీటర్ పెట్టి, పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఆమె ఒక్క రోజు లెక్కతో ముందే తేల్చింది. ఆమెను అడిగినోళ్లు లేరు, అంతే.

మామ కొత్త బ్యాటరీ వేయించిండు. పరీక్ష పోయిన మా క్లాస్ అమ్మాయి ఆ పేపర్ మళ్లీ కట్టి పాసయింది. రిజల్టు వచ్చిన రోజు వాళ్ల బాపుకు ఆమెనే ఫోన్ చేసి చెప్పింది, అది రాత కాదు బాపూ, బ్యాటరీ అని. ఆయనకు సగం అర్థమయిందట, నవ్విండట. ఆ నవ్వు మాకు చాలు.

మీ తండాలల్ల, గూడేలల్ల, పెంటలల్ల ఇట్ల "ఎదురొచ్చిండ్రు" అని ఎవరినన్న తిట్టిన సంగతి ఉంటే, అసలు కారణం ఏందో మీరు గూడ వెతికి కింద రాయండి. హ్యాండిల్ కొట్టిన దాదాలు, తాతలు ఇంకా ఉన్నరు. వాళ్ల చేతులు చూడండి, ముచ్చట అడిగి రాసిపెట్టండి. నిజాం కారు గురించి అందరూ రాస్తరు. తిప్పినోడి గురించి మనమే రాయాలె.

— ఇటిక్యాల హాస్టల్ పిల్లలం